కరెగుడ్డం దొనకు పోయే దావ

కొండబాటల పథకం అధికారి గారి సముఖమునకు,
ఆదోని.

కరెగుడ్డం గ్రామం, కురువ అయ్యన్న, వయసు డెబ్బై రెండు, గొర్రెల కాపరి, స్వహస్తముతో రాసుకున్న అర్జీ.

విషయం: మా కొండ మీదికి గొర్రెలు, మేకలు ఎక్కరాదని తమరు అంటించిన నోటీసు రద్దు చేయుట గురించి.

అయ్యా,

నేను మూడో తరగతి వరకు చదివినవాడను. అర్జీలు రాసిపెట్టే మనిషి ఎమ్మిగనూరులో ఉన్నాడు. ఆయన రాస్తే నా మాట మెత్తబడుతుందని నేనే రాస్తున్నాను. అక్షరం తప్పు పోతే దిద్దుకుని చదువుకోవలెను. మాటను మాత్రం దిద్దవద్దు.

1. మా కొండ పైన రెండు గుండ్ల నడుమ ఒక దొన ఉన్నది. వాన నీళ్లు అందులో నిలిచి ఎండాకాలం కడవరకు ఉంటాయి. నా మంద అరవై తలలు. శివరాత్రి దాటితే వాటికి ఆ నీళ్లు తప్ప వేరే గతి లేదు. కింద తొట్టి నింపిస్తామని నోటీసులో రాసినారు. ఆ తొట్టి పోయి చూసినాను. అందులో ఒక కుక్క పిల్లలను పెట్టి ఉన్నది. నీళ్లుంటే పెట్టదు కదా. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మంద కొండెక్కితే కేసు అన్నారు. అనగా ఒకటో తేదీ నుంచి నా గొర్రెలు నాలుక ఎండి చావవలెనని తమ ఉత్తర్వు. ఆ మాట నేరుగా రాయడానికి ధైర్యం చాలక "పర్యాటకుల సౌకర్యార్థం" అని రాసినారు.

2. తమ బాట మీద సైకిళ్లు తొక్కేవాళ్లు ఎవరో ఫిర్యాదు ఇచ్చినారట, మేక ఒకటి అడ్డం నిలబడింది, బెల్లు కొట్టినా జరగలేదు అని. మేక మెడలోనూ గంట ఉన్నది. అదీ మోగింది. వాళ్లు జరిగినారా?

3. తమ బాట పదకొండు కిలోమీటర్లని బోర్డు పెట్టినారు. నా దావలో దొనకు పోను రెండున్నర, రాను రెండున్నర. మిగతాది యాడ నుంచి వచ్చిందని తమ ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. కింద ఫర్లాంగు దూరం రాళ్ల మీద పసుపు బాణాలు వేసినారు. ఎండ ఎక్కేసరికి రంగు డబ్బా మూతపెట్టి దిగిపోయినారు. ఆ పైన అంతా ఫోనులో గీత చూసుకుని పోవలెనట. ఆ గీత ఒక రేగు పొద చుట్టూ మూడుసార్లు తిరుగుతుంది. నేను కళ్లారా చూసినాను. ప్రతి ఆదివారం బెంగుళూరు నుంచి, కర్నూలు నుంచి చదువుకున్న మనుషులు వచ్చి, నెత్తిన టోపీలు పెట్టుకుని, ఆ పొద చుట్టూ మూడు చుట్లు తిరిగి, ఫోను చూసుకుని ముందుకు పోతారు. ఒకాయన నన్నే అడిగినాడు.

"తాతా, ఇది దేవుడి పొదనా?"

"కాదప్పా, రేగ్గాయల పొద."

అయినా మూడో చుట్టు పూర్తి చేసే పోయినాడు.

4. అదే గీత ఇంకొక చోట ముప్పావు గంట కదలక నిలబడుతుంది. బాట నడిచినవారు అంతసేపు నిలబడినారంటే అక్కడ గొప్ప దృశ్యం ఉండి ఉండవచ్చునని ఆఫీసులో కూర్చుని తీర్మానించి సిమెంటు బెంచీ మంజూరు చేసినారు. మా ఊరి మేస్త్రీ యేసురత్నం ఇసుక, సిమెంటు, నీళ్లు నెత్తిన మోయించి కట్టినాడు. బెంచీకి ఎదురుగా తుమ్మ చెట్టు ఉన్నది. తుమ్మ చెట్టే ఉన్నది.

"ఏం సూడాలనిరా ఈడ కూసునేది?" అని అడిగినాను.

"నన్నడిగితే నాకేం తెల్సు పెద్దాయనా? ఫోను ఈడే అంటాంది, సారు ఈడే అంటాండాడు. తుమ్మ చెట్టును సూసి పోనీలే, మన సొమ్మేం పోయింది."

5. మంద ఎక్కకుండా బాట మొదట్లో తమరు పెట్టించిన గేటు. సైకిలును ఎత్తి దాటించుకుంటున్నారు. అరవై గొర్రెలను ఒక్కొక్కటే ఎత్తి దాటించే వయసు నాకు లేదు.

6. పై సంగతులకు తమరు నవ్వుకున్నా నాకు బాధ లేదు. ఇది నవ్వే సంగతి కాదు. పోయిన నెల మూడో ఆదివారం మేఘన అని బెంగుళూరు అమ్మాయి గీత చూసుకుంటూ సైకిలు మీద వచ్చింది. ఒక చోట గీత గుండు మీద నుంచి ఎదుటి గుండు మీదికి పోతుంది. నడుమ నిలువెత్తు సందు. అమ్మాయి గీతను నమ్మింది. నేను, బెంచీకి పూత పూస్తున్న యేసురత్నం కేక విని ఉరికినాము. భుజం ఎముక విరిగింది. నా గొంగడిలో పండబెట్టి చెరొక వైపు పట్టుకుని దించినాము. దావలో ఆ అమ్మాయి పండ్లు కరుచుకుని ఒకే మాట అన్నది.

"ఈ దారి పెట్టినోళ్లని ఒక్కసారి చూడాలి తాతా. ఒక్కసారి ముఖం చూస్తే చాలు."

కింద బోర్డు దగ్గర దించినాము. ఆ బోర్డు మీద "బాట చూపిన పెద్దలు శ్రీ అయ్యన్న గారు" అని రాసి, తలపాగాతో నా ఫోటో వేయించినారు తమరు. అమ్మాయి ఫోటోను చూసింది. నన్ను చూసింది.

7. ఈ ఏడో నంబరు రాయడానికి నాకు మూడు దినాలు పట్టింది.

పోయిన దసరా ముందు తమ ఆఫీసు ఉద్యోగి గురుదత్ వచ్చి నా చేతికి ఒక ఫోను ఇచ్చినాడు. "ఇది జేబులో వేసుకొని నువ్వు రోజూ పోయే దావలో దొన వరకు పోయిరా తాతా. నువ్వు నడిచినంత మేరా అదే గీత గీసుకుంటుంది" అన్నాడు. ఆ దినం నా కుడి మోకాలు కుండలాగా వాచి ఉన్నది. నడవలేనప్పా అంటే సరిపోయేది. యాభై ఏండ్లు ఈ కొండ ఎక్కినవాడను, వానికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

గొర్రెలు తమంతట కొండ ఎక్కవు. అందుకని మావాళ్లు ప్రతి మందలో మెడకు గంట కట్టి ఒక మేకను ముందు నడిపిస్తారు. నా గంట మేక పేరు కర్రి. ఫోనును గుడ్డలో మూటగట్టి కర్రి మెడలో గంట పక్కన కట్టినాను. నేను కింద గుండు నీడన కూర్చున్నాను. అది పోయింది. రేగు పొద చుట్టూ తిరిగి మేసింది. తుమ్మ కొమ్మకు ముందరి కాళ్లు ఎత్తిపెట్టి ముప్పావు గంట నిలబడింది. గుండు మీద నుంచి గుండు మీదికి దూకింది. నీళ్లు తాగి పొద్దు వాలేసరికి మందను తెచ్చి నాకు అప్పగించింది.

"నడిచినావా తాతా?" అని గురుదత్ అడిగినాడు.

"నడవక?" అన్నాను.

గీత చూసి నోరు తెరిచినాడు. "పదకొండు కిలోమీటర్లు! ఈ వయసులో! నీ కాళ్లకు మొక్కాల తాతా!"

మొక్కించుకున్నాను. ఆదోనిలో మీటింగు పెట్టి తమరు శాలువా కప్పినప్పుడు తల వంచి కప్పించుకున్నాను. అప్పుడూ చెప్పలేదు.

కాబట్టి ఆ అమ్మాయి ఎముక విరిగిన పాపంలో సగం నాది. ఒప్పుకుంటున్నాను. తమరు గానీ తమ మనుషులు గానీ ఒక్క దినం ఆ గీత వెంట నడిచి ఉంటే రేగు పొద దగ్గర రెండో చుట్టుకే తెలిసి ఉండేది. ఆ మిగతా సగం తమది. ఇప్పుడు తమరు ఏ మేక బాట మీద సైకిళ్లు తోలుతున్నారో ఆ మేకనే బాటకు అడ్డమని తరుముతున్నారు.

నేను కోరేది ఏమనగా: వచ్చే ఆదివారం లోపల ఆ గీతను ఫోనుల నుంచి తుడిపించవలెను. ఇంకొకరు దాన్ని నమ్మకూడదు. గేటు పీకించి, నోటీసు చించి, మందను దొనకు పోనీయవలెను. మనుషులు పోదగిన దావ నేనే నడిచి చూపుతాను. తమరు స్వయంగా నా వెనక నడవవలెను. ఫోను తేవద్దు. నేను ఆగిన చోట ఆగవలెను. మోకాలు నొస్తే నొస్తాందని అందరి ముందర చెప్తాను. ఈసారి దాచను.

ఇది చిత్తగించవలెను. చిత్తగించకపోతే ఒకటో తేదీ పొద్దున్నే అరవై తలలతో గేటు దగ్గర ఉంటాను. కేసు రాసుకోవడానికి కాగితాలు ఎక్కువ తెచ్చుకోవలెను.

తమ విధేయుడు అని రాయవలెనట, రాసినాను.

కురువ అయ్యన్న

మరొక మాట: బోర్డు మీద నా ఫోటో తీసివేయవలెను. తమరు కప్పిన శాలువా ఇందువెంట పంపుతున్నాను. ఒక మూల లేదు. న్యాయంగా ఎవరికి చెందవలెనో దాని మెడ మీద నిన్న కప్పినాను. తినేసింది.