లేబుల్ గీకేసిన సీసా

12 జూన్ 2016, ఆదివారం

ఆదివారం కూడా నన్ను వదలరు. గర్భిణుల వివరాలు ట్యాబ్‌లో ఎక్కించాలని కూర్చుంటే నెట్‌వర్క్ లేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఎక్కించాను. ఏఎన్‌ఎం ఉద్యోగమంటే సూదులు, మాత్రలు అనుకున్నాను గానీ సిగ్నల్ వెతుక్కోవడం అనుకోలేదు. కిందికి దిగేసరికి గుమ్మంలో చెల్లెలు హేమ. చేతిలో గిరిబాబు మావ పంపిన చిన్న సీసా.

ఇది నాలుగోది. వారానికొకటి. విటమిన్ డి అట.

మావ అమ్మకి సొంత తమ్ముడు. ఊళ్లో రేకుల షెడ్డులో ఆడపిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతాడు. హేమ పన్నెండో ఏట అక్కడ బార్ పట్టుకుంది. ఇప్పుడు పంతొమ్మిది. యాభై మూడు కేజీల విభాగం. ఆగస్టులో స్టేట్ మీట్, గెలిస్తే నేషనల్స్, అక్కడ మెడల్ వస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. మూడేళ్లుగా మా ఇంట్లో ఇదే పాట.

సూది కోసం రాజాం దాకా బస్సెక్కి రావడం ఎందుకు, ఊళ్లో ఆర్‌ఎంపీ లేడా అన్నాను. మావ వద్దన్నాడట. "రాజీది సల్లని సెయ్యి, దాని సేతే యేయించుకో" అన్నాడట. పొగిడితే లొంగిపోతానని ఆయనకి తెలుసు. నూనెలాంటి మందు, సన్న సూదిలోకి ఓ పట్టాన ఎక్కదు. విసుక్కుంటూనే వేశాను.

26 జూన్

హేమ మొహం నిండా మొటిమలు. భుజాలు ఎలా ఉన్నాయంటే నా జాకెట్టు దానికి మోచేతి పైకి ఎక్కలేదు. ఒక్క ఊపున తల మీదికెత్తే స్నాచ్‌లో డెబ్బై రెండు కేజీలు ఎత్తిందట. కిందటేడు అరవై రెండు. మా ఆయన భాస్కర్, ఆ విటమిన్ ఏదో నాకూ వెయ్యి అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

9 జూలై, మధ్యాహ్నం

టీకాల రోజు. పసిపిల్లల ఏడుపు మధ్యలో అమ్మ నంబరు నుంచి ఫోను. "అప్పా" అని మగ గొంతు. అక్కా అని పిలవడానికి నాకు తమ్ముళ్లు లేరు. ఎవరండీ అన్నాను.

"నానే. హేమని."

జలుబు చేసిందట. మూడు వారాల నుంచి జలుబేమిటి అని అడిగాను. రేపు వస్తాను కదా అని పెట్టేసింది.

10 జూలై

ఇవాళ సూది వెయ్యలేదు.

సీసా వెలుతురులో పట్టుకుని చూశాను. లేబుల్ బ్లేడుతో గీకేశారు. ఎనిమిది వారాల నుంచీ గీకిన సీసాలే వస్తున్నాయి, నేను పాలకేనుకి మూత లేకపోతే గోల చేసే మనిషిని, ఒక్కసారి అడగలేదు. ఇవాళ్టి దాని మీద ఒక మూల సరిగ్గా ఊడలేదు. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి. "రోలోన్ డెకా" వరకు కనిపించింది. ఆ పైన నాకు పుస్తకం అక్కర్లేదు. నాండ్రోలోన్. మంచానపడి చిక్కిపోయినవాళ్లకి వేస్తారని ట్రైనింగ్‌లో చదువుకున్నాను. ఆడవాళ్లకి గొంతు మారుతుందనీ అదే పేజీలో ఉంది.

విటమిన్ డి కూడా నూనెమందే. అందుకే నమ్మాను అని రాసుకోవచ్చు. కానీ వారం వారం విటమిన్ డి ఎవరిస్తారు? ఈ ప్రశ్న నాకు రాలేదా? వచ్చింది. మావ కదా అని ఊరుకున్నాను.

నెలసరి ఎప్పుడొచ్చిందే అని అడిగాను. మేలో అంది. నీకు ఏం మందు వేస్తున్నానో తెలుసా అని అరిచాను. అది నా వైపు వింతగా చూసింది.

"నాకు తెలుసప్పా. నీకూ తెలుసనుకున్నాను."

ఏడు సూదులు. ఏడూ నా చేత్తోనే.

11 జూలై

సెలవు పెట్టి షెడ్డుకి వెళ్లాను. పదకొండు మంది పిల్లలు గోడవారగా కూర్చుని ఉన్నారు, వాళ్ల ముందు అడగలేక మావని బయటికి పిలిచాను. ఆయన తడబడలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"ఒలే రాజీ, స్టేజీ మీద నిలబడే ఎనమండుగురిలో ఏడుగురు ఇదే ఏసుకుంటన్నారు. మన పిల్లని ఉత్తినే పంపితే అది ఎనిమిదోది అవుద్ది. నీకిష్టవేనేటి?"

మరి గొంతు సంగతేమిటన్నాను.

"గొంతుతోటి బరువెత్తుతారేటి?"

టెస్టులో దొరికిపోతుంది అన్నాను. మీట్‌కి ఇరవై రోజుల ముందు ఆపేస్తాడట, ఒంట్లోంచి పోతుందట. ఈ నూనెమందు నెలల తరబడి పోదు, ఒక్కోసారి ఏడాదైనా ఆనవాలు దొరుకుతుంది అని చెప్పాను. "నువ్వు పిల్లలకి టీకాలేసుకో, నా పని నన్ను సేసుకోనీ" అన్నాడు.

ఆయన్ని ఇంట్లో ఎవరూ ఎదిరించరు. నాన్న పోయాక మాకు పుస్తకాలూ బట్టలూ చూసుకున్నది ఆయనే. హేమ చిన్నప్పుడు జ్వరమొస్తే భుజాన వేసుకుని చీపురుపల్లి స్టేషన్ దాకా నడిచాడు. అలాంటి మనిషి మీద కేకలెయ్యడం నాకూ రాదు. వేశాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తల నొప్పి.

13 జూలై

అమ్మకి చెప్పాను. పులుసులో చింతపండు ఎక్కువైందా అని అడిగింది.

22 జూలై

హేమకి రక్తపరీక్ష చేయించాను. లివర్ అంకెలు ఉండాల్సినదానికి మూడింతలు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, సూది ఒక్కదానికే ఇంత రాదే, మాత్రలు కూడా వేస్తున్నారా అని అడిగింది. నేను హేమని చూశాను. హేమ కిటికీని చూసింది. వేస్తున్నారు. గులాబి రంగువి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

అన్నీ ఆపితే లివర్ కోలుకుంటుంది, నెలసరి ఆలస్యంగానైనా రావచ్చు, గొంతు మాత్రం తిరిగి రాకపోవచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. హేమ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఆపితే బరువులు తగ్గిపోతాయా అని.

కొట్టాలనిపించింది. చెరకురసం తాగించి బస్సెక్కించాను.

17 ఆగస్టు

టీవీలో ఒలింపిక్స్. ఎవరు ఏం గెలిచినా అమ్మ హేమ వైపే చూస్తోంది. మాత్రలు ఆపేశానంటుంది హేమ. నమ్మాలో లేదో తెలియదు. అడిగితే దానికి కోపం, అడక్కపోతే నాకు నిద్ర లేదు.

28 ఆగస్టు, విజయనగరం నుంచి వచ్చాక

ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. రేపటికి నాకు నేనే వేరేలా చెప్పుకుంటాను.

యాభై మూడు కేజీల వాళ్లని మధ్యాహ్నం పన్నెండుకి పిలుస్తారన్నారు. లిస్టులో పదకొండు పేర్లు. పదకొండున్నరకి గేటు దగ్గర ఎవరో అన్నారు, ఢిల్లీ నుంచి డోప్ టెస్టు వాళ్లు దిగారు, ఇద్దరు, ఒకామె కూడా ఉంది అని. పది నిమిషాలు పట్టలేదు. వార్మప్ హాలు సంతలో వాన పడ్డట్టు ఖాళీ అయింది. ఒకమ్మాయికి తొడ పట్టేసింది. ఒకమ్మాయికి ఇంటి నుంచి కబురొచ్చింది. ఇంకొకతె బూట్లు కూడా మార్చుకోకుండా ఆటో ఎక్కేసింది. కోచ్‌లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. చివరికి ఐదుగురు మిగిలారు.

మావ చెమటలు కక్కుతూ వచ్చాడు. నడుం పట్టేసిందని చెప్పి బయటికి వచ్చెయ్యమన్నాడు.

అప్పుడు నేనేం చేశాను? నెలన్నర నుంచి అందరి మీదా అరుస్తున్న నేను, హేమ బ్యాగు భుజాన వేసుకుని, పద, బయట ఆటో ఉంది అన్నాను. దాని ఆరోగ్యం గురించి కాదు. దొరికితే సూది ఎవరు వేశారని అడుగుతారు. ఆ ఒక్కటే నా బుర్రలో ఉంది.

హేమ చేతులకి సుద్దపొడి రాసుకుంటోంది. మా ఇద్దరినీ చూసింది.

"మీరెల్లండి. నానెత్తుతాను."

మావ బతిమాలాడు. తర్వాత తిట్టాడు. తర్వాత వెళ్లిపోయాడు. నేను వెళ్లలేక అక్కడే నిలబడ్డాను. స్నాచ్ డెబ్బై మూడు. క్లీన్ అండ్ జెర్క్ తొంభై నాలుగు. మొదటి స్థానం. మెడల్ మెడలో వేసిన వెంటనే ఆ ఆఫీసరమ్మ వచ్చి దాని పక్కన నిలబడింది.

రెండు గంటలు. మూడు సీసాల నీళ్లు తాగినా మూత్రం రాలేదట, పరాయి మనిషి ఎదురుగా కూర్చుంటే ఎలా వస్తుంది. నేను వరండాలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. ఒకసారి తలుపు తెరుచుకుంది. ఆఫీసరమ్మ వెనకాల ఉంది. హేమ చేతిలో ఫారం, పెన్ను.

"అప్పా, వాడిన మందులు రాయాలంట. ఆ మందు స్పెల్లింగ్ సెప్పు."

ఒక్కొక్క అక్షరం చెప్పాను.

బస్సులో, ఎందుకు చేశావే అని అడిగాను. "ఎత్తిన పెతీసారీ, నానెత్తానా, మందెత్తిందా అని తెలీటం నేదు. టెస్టు సేసినోలే సెప్తారు కదా" అంది. పక్క సీటాయన ఆ గొంతు విని వెనక్కి తిరిగి చూశాడు. హేమ కూడా ఆయన్ని చూసింది, ఆయనే తల తిప్పుకున్నాడు.

15 అక్టోబర్

ఉత్తరం వచ్చింది. రెండు మందులూ దొరికాయి. తాత్కాలికంగా సస్పెండ్. మెడల్ వెనక్కి పంపాలి.

అమ్మ ఆ మెడల్‌ని చీర అంచుతో తుడిచి ఇచ్చింది. ఉత్తరం నా వైపు తోసింది, దాన్ని నేనే తెప్పించినట్టు.

30 అక్టోబర్

మావ మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. హేమే కొనుక్కుంది, హేమే పొడుచుకుంది అని చెప్పాలట. ఇద్దరు ముగ్గురు మునిగే బదులు ఒకరు మునిగితే చాలట. హేమ సరే అనేసింది. తన జవాబులో అలాగే రాసింది. నన్ను కాపాడుతున్నందుకు నాకు సిగ్గు రావాలి. వచ్చింది. దాంతోపాటు కాస్త ఊరటా వచ్చింది, అదే చిరాకు.

19 నవంబర్

మావ ఊరి జగ్గమ్మ సబ్‌సెంటర్‌కి వచ్చింది. కూతుర్ని బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టింది. ఆ పిల్లకి పద్నాలుగేళ్లు, షెడ్డుకి వెళ్తుంది. కొంగుముడి విప్పి సీసా తీసింది. లేబుల్ గీకేసి ఉంది.

"ఆరెంపీ ఊళ్లో నేడమ్మా. మీ సెల్లికి మీరే ఏసీవోరంట కదా. మా పిల్లకీ ఓటి ఏసీయండి, బలవొస్తాదంట."

హేమ సంగతి వినలేదా అన్నాను. విన్నదట. ఆ పిల్ల ఎక్కువ వేసుకుని దొరికిపోయింది, మీ పిల్లకి తక్కువే ఇస్తాను అని గిరిబాబు గారు చెప్పారట.

జగ్గమ్మకి అంతా చెప్పాను, మెల్లగా, రెండుసార్లు. హేమకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి మాట్లాడించాను. ఎవరీ అబ్బాయి అని అడిగింది జగ్గమ్మ. అబ్బాయి కాదు, మా చెల్లెలే అన్నాను. జగ్గమ్మ లేచి బయటికి వెళ్లి కూతురి చెయ్యి పట్టుకుంది. సీసా తిరిగి అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.

20 నవంబర్

రాసేశాను. సూదులు నేనే వేశాను, ఏడు, ఫలానా తారీకుల్లో. సీసాలు ఇచ్చింది మా మేనమావ, కోచ్, గిరిబాబు. హేమ అబద్ధం చెప్పింది, మా కోసం. జగ్గమ్మ తెచ్చిన సీసా ఇదిగో. నాలుగు పేజీలు. ఒక కాపీ హేమ కేసు వినే హియరింగ్ కమిటీకి, ఒకటి మా డిపార్ట్‌మెంట్‌కి.

భాస్కర్ చదివి, ఉద్యోగం పోతుందేమో అన్నాడు. పోతుందేమో అన్నాను. అక్షరదోషాలు రెండు దిద్దాడు.

27 నవంబర్

అమ్మ ఫోన్. "నా తమ్ముడ్ని వీధిలో పెట్టీసినావు. ఇంక నా గుమ్మం తొక్కకు." మావకి కాదు, నాకు చెప్తోంది ఈ మాట. నీ కూతురి గొంతు ఏ వీధిలో పడిందమ్మా అని అడిగాను. అప్పటికే పెట్టేసింది.

18 ఫిబ్రవరి 2017

అన్నీ ఒకేసారి తేలాయి. హేమకి నాలుగేళ్లు నిషేధం. మావ ఏ పిల్లకీ కోచింగ్ ఇవ్వకూడదు. కమిటీ అడిగితే నాకేమీ తెలియదు, ఆ సీసాలు నావి కావు అన్నాడట చివరి దాకా. షెడ్డుకి తాళం. నాకు మెమో, విచారణ, కోటబొమ్మాళి వైపు బదిలీ. ఉద్యోగం మిగిలింది. మిగిలినందుకు సంతోషించమని మా సూపర్‌వైజర్ అంది. ఈ మాట పదిసార్లు అంది.

హేమ మళ్లీ డిగ్రీ కాలేజీకి వెళ్తోంది. లివర్ సర్దుకుంది. నెలసరి కిందటి వారం వచ్చింది. గొంతు రాలేదు. హాజరు పిలిచినప్పుడు ప్రెజెంట్ అంటే, ఆ ప్రాక్సీ ఎవడ్రా అని లెక్చరర్ కసిరాడట. క్లాసంతా నవ్వారట. లేచి నిలబడి, నేనే సార్, హేమని, నా గొంతు ఇదే, రేపూ ఇదే ఉంటుంది అని చెప్పి కూర్చుందట. ఏడ్చావా అని అడిగాను. లేదంది. నేను ఏడ్చాను. దానికి విసుగొచ్చి ఫోన్ పెట్టేసింది.

3 ఆగస్టు 2017, కోటబొమ్మాళి

ఇవాళ నాకు పీహెచ్‌సీలో డ్యూటీ. ఓపీ లైన్లో పదిహేడో మనిషి మావ. ఊళ్లో వాళ్ల కంట పడకుండా చీపురుపల్లిలో రైలెక్కి వచ్చాడు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. చెయ్యి బల్ల మీద పెట్టాడు. బీపీ రెండు వందలు, కింద నూట ఇరవై. రెండోసారి చూసినా అంతే.

ఇంతకుముందు ఏమైనా మందులు వాడేవారా అని అడిగాను. అందరినీ అడిగేదే.

గోడ వైపు చూస్తూ ఆ సీసా మందు పేరే చెప్పాడు.

ఎన్నేళ్లు అన్నాను.

"తొమ్మిది."

రాశాను.