హెర్క్యులీస్ నడుము

చిరంజీవి సౌభాగ్యవతి అయిన నా అర్ధాంగికి ఆశీస్సులు.

నా తెలుగులోని దోషాలను ముందుగా మన్నించు. రాత్రి కళాశాలలో పట్టా పుచ్చుకున్నది ఇంగ్లీషులో. ఇళ్ల సామాను తరలించే ఈ కంపెనీలో పగలంతా రాసేవి సామాను చీటీలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ అమ్మా, నువ్వూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఇందులో ఒక మాటను కింద సరిదిద్దుతాను.

"కంపెనీలో మిమ్మల్ని హెర్క్యులీస్ అంటారని రాశారు, ఆయనెవరండీ? ఇంట్లో బిందె ఎత్తితేనే మీకు నడుము పట్టేసేదే!" అని అడిగావు. అతడు గ్రీకుల భీముడు. ఇంగ్లీషులో మహా కష్టమైన పని దేనికైనా అతడి పేరే తగిలిస్తారు. పరీక్షలో ఆ మాటకు అర్థం రాసి పూర్తి మార్కులు పొందాను. కథ మాత్రం చదవలేదు.

మొన్న ఒక ఇంటి సామాను కడుతుంటే, పుస్తకాల పెట్టెలో ఆ కథ దొరికింది. మెట్ల మీద కూర్చుని చదివాను. అంతటి బలశాలీ ఒక పిరికి రాజుకు ఊడిగం చేశాడు. ఒక పని ముగించి వస్తే రాజు ఇంకొకటి చెప్పేవాడు. విరాటుడి వంటింట్లో మన భీముడికి ఏడాది గడువైనా ఉంది.

ఇక్కడ బీరువా దించాలన్నా, ఫ్రిజ్ ఎక్కించాలన్నా మేనేజరుది ఒకటే మాట: "హెర్క్యులీస్ ఉన్నాడుగా, ఇద్దరెందుకు?" ఆ పేరు వినగానే నా నోట కాదన్న మాట రాదు.

"గురువుగారూ, బిరుదిచ్చి బరువు మోయిస్తున్నారు. ఒక్కసారి నావల్ల కాదనండి, నోట్లో ముత్యాలేం రాలిపోవు!" అన్నాడు లారీ డ్రైవరు. పట్టభద్రుణ్ణి, అతడి చేత చెప్పించుకోవడమా అని ముఖం తిప్పుకున్నాను.

ఇక దాచను. నాలుగు నెలలుగా చొక్కా కింద నడుముకు బెల్టు కడుతున్నాను. ఎడమకాలు మొద్దుబారుతోంది. బరువులెత్తవద్దని డాక్టరు రాసిచ్చిన చీటీ నా పెట్టెలోనే ఉంది. అంతకన్నా పెద్ద తప్పు ఒకటి చేశాను. "మీ ఇంట్లో ఇంకో హెర్క్యులీస్ ఉన్నాడా?" అని మేనేజరు అడిగితే, ఛాతీ విరుచుకుని నీ తమ్ముడి పేరు చెప్పాను. కంపెనీ పంపే ఉద్యోగం కాగితాల కోసం నీ తమ్ముడు రోజూ గుమ్మంలో ఎదురుచూస్తున్నాడని నువ్వు రాసినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

సోమవారం ఆ డాక్టరు చీటీ మేనేజరు బల్ల మీద పెట్టాలనుకుంటున్నాను. పెట్టగలనో లేదో తెలియదు.

నువ్వు చదివాక ఈ ఉత్తరం నీ తమ్ముడికివ్వు. ఆ కాగితాల మీద సంతకం చేయకముందే చదవాలి. బెల్టు సంగతి రెండుసార్లు చదవమను. అమ్మకు మాత్రం మొదటి పేరా వినిపిస్తే చాలు, అందులో చివరి వాక్యం వదిలేసి.

ఇట్లు,
బిందె ఎత్తలేని నీ భర్త