పట్టపగలు కనిపించే టీవీ

నిన్న టీవీ షాపులో అడుగుపెట్టేటప్పుడు నా దగ్గర ఉన్నవి హాలు కొలతలు, మీ తమ్ముడి సలహా. ఓఎల్‌ఈడీ తప్ప ఇంకేదీ కొనొద్దన్నాడు. నేను ఎల్‌ఈడీ కొన్నాను. పదకొండింటికి తెస్తారు. కిటికీ ఎదురు గోడకే బిగించమను, ఇంకో గోడ చూపిస్తే ఒప్పుకోకు.

ముప్పై ఏళ్ళుగా బట్టల కొట్టు నడుపుతున్నాను. రంగు తేలాలంటే గుడ్డను గుమ్మంలోకి తెచ్చి ఎండలో పరుస్తాను. అక్కడా రెండు టీవీలనూ గుమ్మం దగ్గరే పెట్టించాను. ఎల్‌ఈడీలో బొమ్మ చక్కగా ఉంది. మీ తమ్ముడు మెచ్చినదాంట్లో నా మీసాలే కనబడ్డాయి.

ఫోన్‌లో ఆ మాట చెబితే, "పరదా వేసేస్తే సరి బావా, తెర మీద నలుపంటే అదీ నలుపు!" అన్నాడు.

ఆ నలుపు కోసం అమ్మను చీకట్లో కూర్చోబెట్టాలా? చూపు మందగించాక ఆ కిటికీ పక్కనే ఆవిడకు పగలంతా గడుస్తోంది. ఆ కుర్చీ కదలదు. వాడు ఫోన్ చేసి దెప్పితే నాతో మాట్లాడమను.

అన్నట్టు, పరదాకని మన కొట్లోంచి నువ్వు చడీచప్పుడు లేకుండా తెచ్చిన నల్లగుడ్డ బీరువాలో చూశాను. దిండు గలీబులు కుట్టుకో. మొత్తానికి మనకు దక్కినవి తెరిచిన కిటికీ, అమ్మకు కనిపించే టీవీ, నాలుగు నల్ల గలీబులు.