మోకాలికి బద్లీ

నవాగామ్, సూరత్
జూన్ 3

ఆస్పత్రి పెద్ద డాక్టరుగారికి సోమలింగం నమస్కరించి రాయునది.

మా వీధి క్లినిక్ గోడ మీద మీరు అంటించిన కాగితం చూశాను. మోకాళ్లు అరిగినవారు కావాలని, వయసు నలభై అయిదు నుంచి అరవై అయిదు లోపు ఉండాలని హిందీలో రాసి ఉంది. ఆ పనికి నేను దరఖాస్తు చేసుకుంటున్నాను.

నాకు యాభై ఏడేళ్లు. మాది సిరిసిల్ల పక్క ఊరు. సూరత్ వచ్చి ముప్పై ఒక్క ఏళ్లయింది. పల్సానాలో శ్యాంసుందర్ సేఠ్ కార్ఖానాలో ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాను. రోజుకు పన్నెండు గంటలు వాటి మధ్య తిరగడమే పని. మోకాళ్ల నొప్పిలో ఆరేళ్ల అనుభవం ఉంది. కుడి మోకాలు బాగా అరిగిందని ఎక్స్‌రేలో తేలింది. ఎడమది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది.

ఒక మాట దాచను. ఇలాగే కుంటుతూ ఉంటే దీపావళి తర్వాత నా సాంచాలు వేరొకరికి ఇస్తానని సేఠ్ అన్నారు. కూర్చుని చేసే పని ఆ కార్ఖానాలో ఒక్కటే ఉంది, అది ఆయనది. మీ దగ్గర చేరితే మోకాలు బాగుపడవచ్చని క్లినిక్ కాంపౌండరు చెప్పాడు. సేఠ్ ఎప్పుడో రాసిచ్చిన మంచి నడవడి పత్రం జత చేశాను.

ఇట్లు,
సోమలింగం

తా.క. నా అనుభవం చాలదంటే నా భార్య పద్మారాణికి రెండు మోకాళ్లూ పూర్తిగా పోయాయి. కాని ఆమె ఎవరి కిందా పనిచేయదు.


సూరత్
జూన్ 10

సోమలింగం గారికి నమస్కారం.

మీ ఉత్తరం పెద్ద డాక్టరుగారు నాకు ఇచ్చారు. ఈ పరీక్ష పనులు చూసేది నేను. మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. సాంచాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు, అందుకే రాస్తున్నాను. నేను పుట్టి పెరిగింది సూరత్‌లోనే. తెలుగు రాయడం మా నానమ్మ నేర్పింది, తప్పులుంటే ఆమెవి.

ఇది ఉద్యోగం కాదండి. మోకాలి అరుగుదలకు కొత్త మందు పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష. చేరినవారిలో సగం మందికి మోకాల్లో మందు సూది వేస్తాం, సగం మందికి ఉప్పునీళ్ల సూది. ఎవరికి ఏది పడిందో మీకు తెలియదు, డాక్టరుకు తెలియదు, నాకూ తెలియదు. బాగవుతుందని మాట ఇవ్వలేం. ఎప్పుడైనా మానేయవచ్చు, దానివల్ల మీ మామూలు వైద్యం ఆగదు. గోడ మీది కాగితం అడుగున ఒక నంబరు ఉంది. ప్రభుత్వ రిజిస్టరులో ఆ నంబరు కొడితే వివరాలన్నీ వస్తాయి. ఫోన్ చూడడం తెలిసిన ఎవరితోనైనా వెతికించి, నిజమైన పరీక్షే అని చూసుకున్నాకే రండి. వేరే ఊళ్లలో ఇలాంటివి జరుగుతుంటే అవి కూడా అందులోనే దొరుకుతాయి.

గడిచిన ఆరు నెలల్లో మోకాల్లో సూది వేయించుకున్నవారిని తీసుకోం. చేరాక ఆరుసార్లు రావాలి. రోజూ నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక నంబరు వేసి, మేమిచ్చే పుస్తకంలో రాయాలి.

ఇట్లు,
సింధూజ

తా.క. మీ మంచి నడవడి పత్రం తిప్పి పంపుతున్నాను. మాకు మీ చెడ్డ నడక చాలు.


నవాగామ్
జూలై 22

సింధూజ బిడ్డను ఆశీర్వదించి సోమలింగం రాయునది.

మొదటి సూది పడింది, రెండోసారి కూడా వచ్చి వెళ్లాను. నువ్వు చదివి వినిపించిన పద్నాలుగు పేజీల అంగీకార పత్రం ఇంట్లో పద్మారాణికి మళ్లీ చదివాను. ఉప్పునీళ్ల దగ్గర ఆపింది. “ఉప్పునీళ్ల కోసం బస్సెక్కి పోవుడేంది? మనింట్ల ఉప్పు లేదా, నీళ్లు లేవా?” అంది. సగం మందికి మందు కూడా వేస్తారని చెప్పాను. “నీకైతే ఉప్పునీళ్లే. నీ సంగతి నాకు ఎర్కలేదా?” అంది.

నొప్పి నంబరుతో కొంచెం గొడవ వచ్చింది. మొదటి రోజు ఎనిమిది వేశాను. పక్కగది సాంబయ్య పుస్తకం చూసి, “నాకే ఏడుంటది. నాకన్న నీకెక్వనా? తియ్ గది” అన్నాడు. ఇద్దరం మాట్లాడుకుని నాకు ఏడు, అతనికి ఏడున్నర అని తేల్చుకున్నాం.

ఇక ఆగస్టు 6న మూడోసారి రమ్మన్నావు. ఆ వారమంతా సాంచాలకు కొత్త బీములు, అంటే నూలు చుట్టిన దొర్లు, ఎక్కిస్తున్నారు. సెలవు అడిగితే ఎందుకని అడుగుతారు. ఆస్పత్రి అంటే, దీపావళి దాకా కూడా ఆగరు. అయినా నువ్వు దిగులుపడకు. నా వల్ల మీ పని ఆగదు. ఏర్పాటు చేశాను.

ఇట్లు,
సోమలింగం

తా.క. సాంబయ్య తన నంబర్లు కూడా నా పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రాస్తున్నాడు. మీకు పనికొస్తాయేమో చూడండి.


సూరత్
ఆగస్టు 12

సోమలింగం గారికి నమస్కారం.

సాంబయ్య గారి నంబర్లు వద్దు. మీ నంబరు ఆయనతో తేల్చుకోవద్దు. నొప్పి మీది, నంబరు మీదే.

ఆగస్టు 6న నేను సెలవులో ఉన్నాను. కొత్తగా చేరినవారు మేము మీకిచ్చిన చీటీ చూసి లోపలికి పంపారట. ఈ రోజు ఫైలు తెరిచాను. మీరు మెట్లు ఆగకుండా ఎక్కారు. గొంతుక్కూర్చుని లేచారు. “అద్భుతమైన మెరుగుదల” అని చిన్న డాక్టరుగారు రాసి, రెండు గీతలు కూడా గీశారు. చాలా సంతోషం. కాని మీరు తొమ్మిది కిలోలు తగ్గారు. రెండు అంగుళాలు పొట్టి అయ్యారు. కుడి మోకాలి మీది పాత మచ్చ పోయింది. జుట్టు నల్లగా, ఒత్తుగా ఉందని నర్సు చెబుతోంది. ఈ మందు మోకాలికని మాకు చెప్పారు. బట్టతలకని చెప్పలేదు.

ఏం జరిగిందో వెంటనే రాయండి. ఆ రోజు సూది లేదు, పరీక్షలే. అది మన అదృష్టం.

ఇట్లు,
సింధూజ

తా.క. మీ సంతకం తెలుగులోంచి హిందీలోకి మారింది.


నవాగామ్
ఆగస్టు 17

సింధూజ బిడ్డకు సోమలింగం రాయునది.

ఆ జుట్టు గంగారాంది.

సాంచ ఖాళీగా నిలబడకూడదు, అది మా పనిలో మొదటి మాట. మనిషికి జ్వరం వచ్చినా, ఇంట్లో చావు జరిగినా, తన బదులు ఒక మనిషిని పంపి మరీ ఆగాలి. ఆ మనిషిని బద్లీ అంటాం. బద్లీని పెట్టకుండా మానేసినవాడిని మళ్లీ రానివ్వరు. నేనూ అలాగే చేశాను. అయితే ఎవరిని పడితే వాళ్లను పంపలేదు. సాంబయ్య అన్నీ ఎక్కువ చేసి చెబుతాడని వద్దన్నాను. మా కార్ఖానాలోనే గంగారాంది రాత్రి పాళీ, పగలు ఖాళీ. అతనికి కూడా కుడి మోకాలే నొప్పి. మెల్లగా నడువు, ఏడు అని చెప్పు అని రెండుసార్లు చెప్పి పంపాను.

మెట్ల దగ్గర చెడింది. కింద ఎవరో నర్సు నిలబడి చూస్తోందట. “గా పిల్ల ముందర కుంటుకుంట ఎక్కాల్నా అన్నా? నాకు జర ఇజ్జత్ లేదా?” అన్నాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చి మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకున్నాడు.

తప్పయితే తప్పే. కాని నన్ను తీసేయకండి. ఆపరేషన్ చేయించుకుని నెలలు కూర్చునే వీలు నాకు లేదు. ఇది పోతే నా దగ్గర ఇంకో దారి లేదు.

ఇట్లు,
సోమలింగం

తా.క. గంగారాం రెండు సీసాల రక్తం కూడా ఇచ్చాడు. పనికిరాకపోతే వాపసు ఇస్తారా అని అడుగుతున్నాడు.


సూరత్
ఆగస్టు 30

సోమలింగం గారికి నమస్కారం.

మీ ఉత్తరం ఈ పరీక్ష మంచిచెడ్డలు చూసే కమిటీ ముందు పెట్టాను. హిందీలో చదివి వినిపించాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఒకాయన బయటికి వెళ్లి నవ్వుకుని వచ్చారు. తర్వాత అందరూ నన్నే తిట్టారు.

నిర్ణయం ఇది. ఆగస్టు 6 లెక్కలన్నీ కొట్టేశారు. మీరు ఆ రోజు రానట్టు. ఒకసారి రాకపోయినా పరీక్షలో ఉండవచ్చు, కాబట్టి మీరు ఉన్నారు. ఇంకోసారి ఇలా జరిగితే తీసేస్తారు. మనిషిని చూడకుండా చీటీ చూసింది మా తప్పు, అది కూడా రాసుకున్నారు.

తేదీకి ఏడు రోజులు ముందో వెనకో రావచ్చు. ఆదివారం పొద్దున కూడా రావచ్చు. పద్నాలుగు పేజీల్లో పదకొండోది ఒకసారి చూడండి.

అక్టోబర్ 8న రెండో సూది. మీరే రావాలి. సెలవు కోసం సేఠ్ గారికి గుజరాతీలో ఒక కాగితం రాసి పెడుతున్నాను. పరీక్ష ఏమిటో, ఎవరు చేరవచ్చో, ఎందుకు మనిషే రావాలో అందులో ఉంది. ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం. మీ సంగతి మీరు చెప్పకుండా నేను ఎవరికీ చెప్పను.

ఇట్లు,
సింధూజ

తా.క. గంగారాం గారి రక్తంలో చక్కెర ఎక్కువుంది. రక్తం సంగతి వదిలేసి వెంటనే డాక్టరుకు చూపించుకోమనండి.


నవాగామ్
అక్టోబర్ 10

సింధూజ బిడ్డను దీవించి సోమలింగం రాయునది.

ఎనిమిదో తేదీన నువ్వు పనిలో ఉన్నావు, మాట్లాడే వీలు దొరకలేదు. జరిగింది రాస్తున్నాను.

నీ కాగితం పది రోజులు జేబులో మోశాను. చెమటకు మెత్తబడుతోందని ఇచ్చేశాను. సేఠ్ గద్దె మీద కూర్చుని రెండుసార్లు చదివారు. సెలవు మాట అనలేదు, సాంచాల మాట అనలేదు. ఆస్పత్రి ఎక్కడని మాత్రం అడిగారు. నా సంగతి విచారించడానికి మనిషిని పంపుతారనుకున్నాను. ఇక అయిపోయిందని పద్మారాణికి చెప్పాను.

అక్టోబర్ 6న పిలిచి తలుపు వేయమన్నారు. తన పేరున్న ఆస్పత్రి చీటీ తీసి చూపించారు. నలభై ఏళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఆయన మోకాళ్లు కూడా పోయాయట. కింద కూర్చుంటే లేవలేక, మేమంతా వెళ్లిపోయే దాకా ఆగి లేస్తున్నారట. ఆయన్ను కూడా చేర్చుకున్నారని అప్పుడే తెలిసింది. నువ్వు నాకు చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

ఆయన మొదటి సూది కూడా ఎనిమిదినే. ఆ రోజు ముంబయి నుంచి సరుకు కొనేవాళ్లు వస్తున్నారట. “సోమలింగం, నువ్వు ఎలాగూ వెళ్తున్నావు. నీది అయ్యాక నా చీటీతో ఇంకోసారి లోపలికి పో” అన్నారు.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆయనకు ఎదురు చెప్పలేదు. “సేఠ్, సాంచకు బద్లీ నడుస్తది. మోకాలికి నడువది” అన్నాను. “అయితే ఎవరు పోవాలి?” అన్నారు. “మనిద్దరం పోవాలె” అన్నాను.

ఫోన్ తీశారు. ముంబయి వాళ్లను మరునాడు రమ్మన్నారు. ఎనిమిదిన నా సాంచాలు గంగారాం చూసుకున్నాడు. మేము సేఠ్ కారులో వచ్చాం. మెట్లు ఎక్కేటప్పుడు ఇద్దరం చెరో కమ్మీ పట్టుకున్నాం. మందు సూదే పడాలంటే ఎవరితో మాట్లాడాలని ఆయన నర్సును అడిగారు. ఎవరితోనూ కాదని ఆమె చెప్పింది. ఆ జవాబు ఆయనకు కొత్త.

ఇకనుంచి నా తేదీకి ఆయన తేదీ కలిసేలా చూడు. సెలవు అడిగే పని ఉండదు. దీపావళి తర్వాత సాంచాలు వేరొకరికి ఇస్తానన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇట్లు,
సోమలింగం

తా.క. వచ్చేటప్పుడు కారులోనే నొప్పి పుస్తకం తెరిచి సేఠ్ పది వేసుకున్నారు. పది అంటే ఎంతని నన్ను అడిగారు. ఎనిమిది సాంచాల మధ్య పన్నెండు గంటలని చెప్పాను. కొట్టేసి నాలుగు వేసుకున్నారు.