టోపీ పట్టలేదు

1985 నవంబరు, గురువారం రాత్రి

ఈరోజు పాలకోడు వెళ్ళి చెల్లెలు మంజుల కొడుక్కి టోపీ పెట్టి చూశాను. బాబుకి ఇది మొదటి కార్తీక దీపం. చలిలో దీపాలు చూపించడానికి వాకిట్లోకి ఎత్తుకెళ్తారని ఎర్ర ఊలుతో, పసుపు అంచు వేసి క్రోషియా అల్లాను. మూడు వారాల కిందట నేనే వాడి తలకు దారం చుట్టి కొలత తీసుకున్నాను. రెండు వేళ్ళు వదులుగానే అల్లాను. అయినా టోపీ చెవుల దాకా దిగలేదు.

మళ్ళీ దారం చుట్టి చూశాను. తల మూడు వేళ్ళు పెరిగింది. ఇంత తొందరగా పెరగడం మామూలు కాదు. మాడు కూడా ఉబ్బినట్టు చేతికి తగిలింది.

మంజుల అత్త నవ్వింది. "బిడ్డ బాగా పెరుగుతుండాడు. సుమ్మా సుమ్మా, ఊరికూరికే కొలిచి దిష్టి పెట్టొద్దు తల్లీ."

మంజుల దొడ్లో ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళి మెల్లగా అన్నాను.

"బిడ్డను ఒకసారి డాక్టరుకు చూపిద్దామే."

అది తలెత్తలేదు. "నాకూ తెలుసక్కా. వాడి మాడు మీద చెయ్యి పెట్టుకునే పండుకుంటుండాను. ఎవురికని చెప్పేది?"

పండుగకు పిలుచుకుపోతున్నానని అత్తకు చెప్పి, సాయంత్రం బస్సులో ఇద్దరినీ ధర్మపురిలో మా ఇంటికి తీసుకొచ్చాను. రేపు పొద్దున్నే పెద్దాస్పత్రికి వెళ్ళాలి.

బాబు నిద్రపోతున్నాడు. మంజుల కళ్ళు మూసుకుంది గానీ నిద్రపోలేదు. బస్సులో దానికి ధైర్యం చెప్పబోయి "ఏమీ కాదులే" అన్నాను. అలా అనకుండా ఉండాల్సిందేమో. నాకేం తెలుసని అన్నాను...