చంద్రకాంత గింజలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కంకిపాడులో నీ చేత్తో ఏరి, గుడ్డలో మూటగట్టి ఇచ్చిన చంద్రకాంత గింజలు ఆరే మిగిలాయి. ఎండకి మాడతాయేమో, చీమలు మోసుకుపోతాయేమోనని భయపడుతూనే ఐదింటిని కుండీలో పెట్టాను. కుళ్ళిపోయాయేమోనని రోజూ వేలితో తవ్వి చూశాను. "నాటాక వాటి జోలికి పోకే, పిచ్చిమొహమా!" అని తిట్టడానికి నువ్వు లేవు. ఒక్కోదానికీ తెల్లగా వేరు దిగింది, ఒక్కోటీ నా గోటికే తెగింది. నిన్నటితో ఐదూ పోయాయి.

ఆరోది పక్కింటి లక్ష్మికిచ్చాను.

"మీ దొడ్లో పెట్టమ్మా. ఎక్కడ పెట్టావో నాకు మాత్రం చెప్పకు."

"అదేంటి పిన్నిగారూ, దొంగసొత్తా?" అని నవ్వింది.

గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. చేతులు కొంగులో దాచుకున్నాను.

నీ చెల్లెలు