బొమ్మ కాని అకార్డియన్

బావా,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. మీ చెల్లెలు మేరమ్మ ఊరుకోలేదు.

సింగపూర్ నుంచి నువ్వు పంపిన అకార్డియన్ పోర్ట్ బ్లెయిర్ చేరింది. పన్ను తప్పించాలని పెట్టె మీద ‘ఆటబొమ్మ’ అని రాశావు చూడు, అక్కడే పీకల మీదికొచ్చింది.

కస్టమ్స్ ఆఫీసరు, “అంకుల్, ఖిలోనా, అదే ఆటబొమ్మ అయితే సర్టిఫికెట్ తేవాలి, లేకపోతే వాపస్ పోతుంది. బాజా అయితే టాక్సు కట్టి పట్టుకుపోండి,” అన్నాడు.

ఆదివారం చర్చిలో వాయిస్తానని మా పేట బతు బస్తీ అంతా చెప్పుకుని ఉన్నాను. బాజాయే అన్నాను. అయితే వాయించమన్నాడు.

నాకు తాళజ్ఞానం మా నాన్న పడవ ఇంజను పక్కన కూర్చుంటే అబ్బింది. ఆ ఇంజను కూడా మధ్యమధ్యలో ఆగిపోయేది. కీర్తన ఒకటి వాయించాను. ఆయన ఓపిగ్గా విని, “అంకుల్, ఇది ఖిలోనాయే,” అన్నాడు.

పన్ను వెయ్యి నాయనా అని బతిమాలిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. చివరికి నా వెంట వచ్చిన మేరమ్మ గొంతెత్తి, నా వాయింపు వినపడకుండా ఆ కీర్తన పాడింది.

“ఆంటీ పాడితే బాజాయే,” అని ఆయన పన్ను వేశాడు. ఆనందంగా కట్టాను.

ఆదివారం పాస్టరుగారు మేరమ్మను పాడమన్నారు. అకార్డియన్ సండే స్కూలు టీచరు వెరోనికాకు ఇచ్చారు. నన్ను కానుకల సంచి పట్టుకోమన్నారు.